రెండో చరణం తర్వాత

అమ్మ పాడిన అప్పగింతల పాట ఒకటి నా దగ్గరుంది. 4 నిమిషాల 38 సెకన్లు. 2019 మే నెలలో తెనాలిలో మా వంటింట్లో, ఉప్పుజాడీకి ఫోను ఆనించి రికార్డు చేశాను. ఆ పాట నేర్చుకోవాలని పిన్ని చాన్నాళ్ళుగా అడుగుతోంది. "రాసి పంపితే వరస ఎలా తెలుస్తుందే, పాడి పంపమను మీ అమ్మని" అని నా ప్రాణం తీసేది. సరే అని ఓ రోజు అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టాక పట్టుకున్నాను. ఎవరైనా పాడమంటే వెంటనే పాడే మనిషి కాదు. గొంతు బాలేదంటుంది, తలనొప్పంటుంది. పనిలో ఉండగా అడిగితే మాత్రం పాడుతుంది. చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకి పాడ్డానికి సిగ్గు.

పాట ఏదో ఇక్కడ చెప్పను. ఇది రాస్తానంటే అమ్మ పెట్టిన షరతు అదొక్కటే.

రికార్డింగులో ఏమేం ఉన్నాయో నాకిప్పుడు నోటికొచ్చు. మొదట అమ్మ గొంతు, "పెట్టావా? మొదలెట్టనా?" అని. తర్వాత రెండు సెకన్లు ఏమీ ఉండదు, అంటే ఫ్యాను ఉంటుంది. వంటింటికీ హాలుకీ మధ్య తలుపు లేదు కాబట్టి హాల్లో ఐదులో తిరుగుతున్న ఫ్యాను, అరిగిపోయిన దాని బేరింగు, రెండూ పాట పొడుగునా ఉంటాయి. ఒకటిన్నర నిమిషం దగ్గర పక్కవాళ్ళు నీళ్ళ మోటారు వేస్తారు, ఇక చివరిదాకా ఆపరు. 1:47 దగ్గర కుక్కర్ కూత. ఒక కాకి. పప్పు కలపడానికి అమ్మ అటు తిరిగినప్పుడల్లా గొంతు సగానికి పడిపోతుంది. చివర్లో, ఆఖరి మాట ఇంకా గాల్లో ఉండగానే, "ఆపు, ఆపు, మాడుతోంది" అంటుంది.

2021లో అమ్మకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. స్వరపేటికకి వెళ్ళే నరాలు ఆ గ్రంథిని ఆనుకునే పోతాయనీ, మాట మామూలుగానే ఉన్నా పై స్థాయి స్వరాలు పోయే అవకాశం కొంత ఉంటుందనీ డాక్టరుగారు ముందే చెప్పారు. బొమ్మ గీసి మరీ చూపించారు. మేమంతా గడ్డ ఎలాంటిదో రిపోర్టు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. పై స్వరాల గురించి ఎవరు ఆలోచిస్తారు? రిపోర్టు మంచిగానే వచ్చింది. ఆర్నెల్లకి మాట కూడా బాగుపడింది. ఒకరోజు ఫోన్లో, మధ్యలో ఏదో చెబుతూ, "పై షడ్జమం అందట్లేదే. గాలే వస్తోంది" అంది. అని మళ్ళీ నెయ్యి ధర గురించి చెప్పడం మొదలుపెట్టింది.

2023 ఫిబ్రవరిలో పిన్ని కూతురి పెళ్ళి. మా ఇంటి ఆడపిల్లల అప్పగింతలన్నిటికీ పాడింది అమ్మే. ఈసారి ఎవరు పాడాలి? పిన్ని పాట నేర్చుకుంది కానీ, కూతుర్ని అప్పగిస్తూ తల్లి పాడగలదా? అప్పుడు పిన్నికి ఆ రికార్డింగు గుర్తొచ్చింది. "అమ్మలూ, దానికి ఫొటోలు కలిపి వీడియో చెయ్యి. హాల్లో తెర మీద వేద్దాం. ఆ శబ్దాలు మాత్రం తీసెయ్యి తల్లీ, నీకు కంప్యూటరు వచ్చుగా."

నాకొచ్చిన కంప్యూటరు వేరు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అయినా సరే అన్నాను. ఫొటోలు కలపాలి కాబట్టి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే కావాలి. డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. దాని కింద వరసలో ఒక పేజీ పేరు ఫెయిర్‌లైట్. వీడియోవాళ్ళు చాలామంది అటు వెళ్ళనే వెళ్ళరు, రంగులు దిద్దుకుని వచ్చేస్తారు. ఫెయిర్‌లైట్ అనేది ఒకప్పుడు ఆస్ట్రేలియాలో సింథసైజర్లు తయారుచేసిన కంపెనీ పేరట. 2017లో ఆ శబ్దం పనిముట్లన్నీ ఈ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి చేరాయి. పెళ్ళికి నెల ముందు అమ్మ చెకప్ కోసం హైదరాబాద్ వచ్చి మియాపూర్‌లో మా ఫ్లాట్లో పది రోజులుంది. ఆ పది రాత్రులూ నేను ఆ పేజీలోనే ఉన్నాను.

మొదట మోత సంగతి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాంతో నడిచే ఫ్యానూ మోటారూ 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర, ఆపైన 150, 200 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంటాయి. ఆడవాళ్ళ గొంతుకి 150 కింద ఏమీ ఉండదు, కింద ఉన్నదంతా కోసెయ్యండి అని చెప్పే ట్యుటోరియళ్ళు బోలెడు. హై పాస్ ఫిల్టర్ అంటారు దాన్ని. కోసేశాను. మోత చాలావరకు పోయింది, నాకు భలే గర్వమనిపించింది. కానీ పల్లవి చివర కిందికి దిగే చోట పాట ఏదో పలచబడింది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. అమ్మది నాలుగున్నర శ్రుతి, అంటే ఆధార షడ్జమం 185 హెర్ట్జ్ దగ్గర. పల్లవి చివర ఆవిడ దిగేది మంద్ర పంచమానికి. లెక్కేస్తే అది 139. నేను కోసిన గీతకి కింద. స్వరం తెలుస్తూనే ఉంది, పైనున్న అనుస్వరాల వల్ల చెవి దాన్ని ఊహించుకుంటుంది. బరువు మాత్రం పోయింది. ట్యుటోరియల్‌లోవాళ్ళు మాట్లాడే ఆడవాళ్ళ గొంతు గురించి చెప్పారు, పాట గురించి కాదు. గీతని 110కి దించి, 150 దగ్గర మోటారు మోగే చోట మాత్రం సన్నగా, సూది మొన అంత గాడి చేశాను. మోత కొంచెం మిగిలింది, పంచమం తిరిగొచ్చింది.

తర్వాత ఫ్యాను. నాయిస్ రిడక్షన్ అనే ప్లగిన్ ఉంటుంది. గొంతు లేని ముక్క ఒకటి దానికి వినిపించి 'నేర్చుకో' అనాలి. అదే, "మొదలెట్టనా?" తర్వాత వచ్చే ఆ రెండు సెకన్లు. అది శబ్దాన్ని వందల చారికలుగా చీల్చి, ఏ చారికలో ఫ్యాను ఎంత ఉందో గుర్తుపెట్టుకుని, పాట పొడుగునా అంతకంటే తక్కువున్నవన్నీ నొక్కేస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ అరిగిపోయిన బేరింగు ఒకేలా తిరగదు. అది నేర్చుకున్న ఫ్యాను ఒకటి, మూడో నిమిషంలో ఉన్న ఫ్యాను ఇంకొకటి. నాబ్ తిప్పుతున్నకొద్దీ ఫ్యాను తగ్గుతుంది, దాంతోపాటు అమ్మ బిందెలో తలపెట్టి పాడుతున్నట్టవుతుంది. అక్కడక్కడ టింగుటింగుమంటూ లేని చిలకలు పలుకుతాయి.

ఇంకో చిక్కు. ఫ్యాను గాలి సవ్వడీ మన శ, ష, సలూ ఉండేది దాదాపు ఒకే చోట. ఫ్యానుని నొక్కితే ముందు పోయేవి ఆ అక్షరాలే. 'శ్రీ' కాస్తా 'రీ' అయింది. యంత్రం దృష్టిలో 'శ' ఒక రకం ఫ్యాను. నిజానికి భౌతికంగా చూస్తే కూడా అంతే కదా, పళ్ళ సందుల్లోంచి గాలి.

మా ఆఫీసులో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాడొకడున్నాడు. "అక్కా, ఇంకా నాబులేంటి, ఏఐకి ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చాను. ఫ్యాను, మోటారు, కాకి, కుక్కర్, వంటింటి గోడలు, అన్నీ పోయాయి. ఒళ్ళు జలదరించింది. "పెట్టావా? మొదలెట్టనా?" అని అమ్మ నా చెవి పక్కన నిలబడి అడిగినట్టుంది. తర్వాత పాట మొదలైంది. అది మాటల కోసం తయారైన పనిముట్టు. అమ్మ ఒక అక్షరాన్ని పట్టుకుని రాగం తీసినప్పుడల్లా, ఇంతసేపు ఎవరూ మాట్లాడరే అని దానికి అనుమానమొచ్చేది కాబోలు, మధ్యలో గొంతుని సన్నంగా చేసి మళ్ళీ పైకి తెచ్చేది. గమకం ఊగిన చోట ఆ ఊపుని చదును చేసింది. అమ్మని ఎరిగున్న ఎవరో అమ్మలా మాట్లాడుతూ, పాట మాత్రం రాకుండా పాడుతున్నట్టుంది.

మూడు రాత్రుల తర్వాత అమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఈ ఏఐది కాదు, నా నాబులది. చాలా కష్టపడ్డాను దాని మీద. వంటింటి డబ్బా మోత పోవడానికి 350 దగ్గర కొంత తగ్గించాను, మాట స్పష్టంగా ఉండాలని 3000 దగ్గర పెంచాను, పైన పదివేల దగ్గర 'గాలి' అంటారు, అది కూడా కలిపాను. ఇప్పటి పాటలన్నీ అలాగే ఉంటాయి. అమ్మ ఒక నిమిషం విని తీసేసింది.

"గరగరలాడుతోందే. ఇసక పోసినట్టుంది."

"అది క్లారిటీ అమ్మా."

"ఏమో. రేడియోలా లేదు."

నాకు కోపమొచ్చింది. రేడియో ఏంటి? 2023లో రేడియోలా ఉండాలా? మర్నాడు ఆఫీసు బస్సులో ఆలోచిస్తుంటే తట్టింది. అమ్మకి మంచి గొంతు అంటే ఏమిటో తెలిసింది విజయవాడ కేంద్రం భక్తిరంజనిలో. పొద్దున్నే తాతయ్య రేడియో పెడితే, కళ్ళాపి చల్లుతూ, జడలు వేసుకుంటూ విన్న గొంతులు. ఆ రేడియో మీడియం వేవ్. అక్కడ స్టేషనుకీ స్టేషనుకీ మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్‌లే కాబట్టి, శబ్దంలో నాలుగున్నర వేల హెర్ట్జ్‌ల పైన ఉన్నది చాలావరకు ఇంటికి చేరదు. అంటే అమ్మ చిన్నప్పటి నుంచీ ప్రేమించిన గొంతులు వేటికీ 'గాలి' లేదు. అవన్నీ మెత్తగా, గుండ్రంగా, కొంచెం దుప్పట్లోంచి వచ్చినట్టుంటాయి. నేను కలిపిన క్లారిటీ ఆవిడ దృష్టిలో చెత్త.

ఆ రాత్రి నాయిస్ రిడక్షన్ మొత్తం తీసేశాను. 10000 దగ్గర పెంచింది తీసేశాను. పైన లో పాస్ ఫిల్టర్ ఒకటి పెట్టి మెల్లగా కిందికి లాగుతూ వచ్చాను. 9000, 8000, 7000. ఐదున్నర వేల దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను సవ్వడి చాలావరకు దానంతటదే పోయింది, ఎందుకంటే అది ఎక్కువగా ఉన్నది ఆ పైనే. శ, ష, సలు కొంచెం మొద్దుబారాయి కానీ ఉన్నాయి, ఎవరూ వాటిని పీకెయ్యలేదు. చిలకలు లేవు, బిందె లేదు. మూడు రాత్రులు నేను యుద్ధం చేసిన ఫ్యాను ఒక్క గీతతో పోయింది. అమ్మకి మళ్ళీ పెట్టాను.

"ఆఁ. ఇదిగో, ఇప్పుడు రేడియోలా ఉంది."

కళ్ళు మూసుకుని విన్నది. చివర్లో "ఆపు, ఆపు, మాడుతోంది" దగ్గర నవ్వింది. అది తీసెయ్యనా అనడిగితే "మరి? పెళ్ళిలో పప్పు సంగతెందుకు?" అంది. నాకు అది ఉంచాలనుండేది. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్ళకి ఎవరి పాటో తెలియడానికని చెబుతారు. మా అమ్మ సంతకం పప్పు. చెబితే, "నీ మొహం, గౌహర్ జాన్ ఎక్కడ నేనెక్కడ" అంది. తీసేశాను.

కుక్కర్ కూత కోసెయ్యడం తేలికనుకున్నాను. అదృష్టం కొద్దీ అది రెండు పాదాల మధ్య ఖాళీలో పడింది. ఆ ముక్క కోసేస్తే అక్కడ గొయ్యి పడింది. పాట పొడుగునా మిగిలిన కొద్దిపాటి ఫ్యాను ఆ ఒక్క సెకను ఆగిపోయి, మళ్ళీ మొదలవుతోంది. కరెంటు పోయి వచ్చినట్టు. ఆ గోతిలో పొయ్యడానికి ఏదో ఒకటి కావాలి. ఏం పొయ్యాలి? మొదట్లో ఉన్న ఆ రెండు సెకన్ల ఫ్యానే. వారం రోజులు తీసెయ్యాలని చూసిన దాన్ని నేనే కాపీ చేసి తెచ్చి అక్కడ అతికించాను. సినిమావాళ్ళు దీనికోసమే షూటింగ్ అయ్యాక అందర్నీ నోరుమూసుకోమని, ఉత్త గదిని ఒక నిమిషం రికార్డు చేసుకుంటారట.

కంప్రెసర్ సంగతి ఎక్కువ చెప్పను. గట్టివి తగ్గించి చిన్నవి పెంచుతుందది. అమ్మ పప్పు కలపడానికి తిరిగినప్పుడు తగ్గిన గొంతుని పెంచుతూ, దాంతోపాటు మోటారుని కూడా పెంచింది. అందుకని దాన్ని నామమాత్రంగా ఉంచి, గొంతు తగ్గిన చోటల్లా గీత పైకి లాగుతూ చేత్తోనే సరిచేశాను. రెండు గంటల పని. ఆ రెండు గంటల్లో అమ్మ ఎన్నిసార్లు గరిట తిప్పిందో లెక్క తేలింది: పదకొండు.

అయిపోయిందనుకున్నాను.

ఏడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ అమ్మ అంది: "రెండో చరణం తర్వాత పల్లవిలో పై షడ్జమం పడిపోయింది. అది సరిచెయ్యొచ్చా?"

నాకు ఆ చోటు బాగా తెలుసు. పైకి వెళ్ళి, అందుకోబోయి, ఒక వెంట్రుకవాసి కింద ఆగుతుంది గొంతు. నాకు ఆ పాటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటది. పెళ్ళికూతురు గడప దాటే ముందు గొంతు ఆ మాత్రం తడబడదా? అమ్మకి అదే చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. తప్పులే మనుషుల్ని గుర్తుపట్టేలా చేస్తాయని, అంతా సరిచేస్తే ప్లాస్టిక్ పువ్వులా ఉంటుందని, ఇప్పుడందరూ ఆటోట్యూన్ పెట్టేసి పాటల్ని చంపేస్తున్నారని. కాఫీ చల్లారేదాకా చెప్పాను.

అమ్మ అంతా వింది. "అది నీకు అందంగా ఉందేమో. నాకది తప్పు. నేను ఏడ్చి తడబడలేదే, ఊపిరి చాలక పడిపోయింది. పాడుతుండగానే తెలిసింది నాకు. ఇంకోసారి పాడేటప్పుడు సరిచేసుకుందాం అనుకున్నా."

గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

"ఇంకోసారి ఏదీ మరి?"

నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏ పనీ చెయ్యలేదు. నాకు అందంగా కనిపించినదాని కోసం ఆవిడ తప్పుని ఆవిడ మెడకే కట్టి, నాలుగొందల మంది ముందు వినిపించబోయానని అప్పటిదాకా తోచలేదు. పాట పాడేవాళ్ళెవరైనా సరిచేసుకుంటూనే పాడతారు. నేను ఆ ఒక్క మే నెల మధ్యాహ్నాన్ని పట్టుకుని, ఇదే నువ్వు అంటున్నాను.

అలాగని ఆటోట్యూన్ పెట్టదలచుకోలేదు. దాన్ని 1997లో తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం పనిచేసేవాడు. భూమిలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన తరంగాల్ని బట్టి లోపల ఏముందో కనిపెట్టే గణితం ఆయనది. అదే గణితం గొంతులోని స్వరాన్ని పట్టుకోవడానికి పనికొచ్చింది. ముచ్చటైన కథే. కానీ అది దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి స్వరాన్ని తోస్తుంది, మన స్వరాలు మెట్ల మీద నిలబడేవి కావు. తోడిలో గాంధారం ఎక్కడుంది అంటే ఏ మెట్టు చూపిస్తాం? మెట్ల మధ్య ఊగడమే ఆ స్వరం. అమ్మ పాడేది శాస్త్రీయం కాకపోయినా ఊపు అదే ఊపు.

వేరే దారి దొరికింది. పల్లవి పాటలో నాలుగుసార్లు వస్తుంది. మొదటి చరణం తర్వాత వచ్చిన పల్లవిలో అదే సంగతి, అవే అక్షరాలు, పై షడ్జమం నిలువుగా, దీపంలా నిలబడింది. దాన్ని కోసి, పడిపోయిన చోట పెడితే? అప్పుడు సరిచేసేది నేనో యంత్రమో కాదు, అమ్మే. రెండు నిమిషాల ముందున్న అమ్మ.

పెట్టాను. అతకలేదు. సరైన స్వరమే, కానీ కిందుగా ఉంది. తంబూరా, శ్రుతిపెట్టె లేకుండా పాడే మనిషి శ్రుతి ఒకచోట ఉండదు, తెలియకుండానే జరుగుతుంది. ఫోన్లో ట్యూనర్ పెట్టి చూస్తే, అమ్మ నాలుగున్నర దగ్గర మొదలుపెట్టి, పాట సాగేకొద్దీ మెల్లమెల్లగా పైకి పోయింది. రెండు పల్లవులకీ మధ్య తేడా దాదాపు 40 సెంట్లు. వంద సెంట్లయితే ఒక అరస్వరం. క్లిప్ మీద నొక్కితే పిచ్ అని ఉంటుంది, దాన్ని 40 పైకి జరిపాను. ఇప్పుడు కలిసింది. అమ్మ శ్రుతి జారిందని ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు చదివితే తెలుస్తుంది.

ఇంకో రాత్రి అతుకు కనబడకుండా చెయ్యడానికి పట్టింది. మోటారు ఒక పల్లవిలో ఇంకా సరిగా అందుకోలేదు, ఇంకో పల్లవిలో పూర్తిగా నడుస్తోంది. దాన్నీ సర్దాను. తొమ్మిదో రోజు అమ్మకి వినిపించాను. రెండో చరణం అయింది, పల్లవి మొదలైంది, పై షడ్జమం నిలబడింది. అమ్మ కళ్ళు తెరిచింది. సంతోషిస్తుందనుకున్నా. భ్రుకుటి ముడిచింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"ఊపిరి ఏదే?"

"ఏ ఊపిరి?"

"చరణం అంత పొడుగు పాడి, ఊపిరి తీసుకోకుండా పల్లవి ఎలా ఎత్తుకున్నా? మనిషన్నాక పాడగలదా?"

అతుకు శుభ్రంగా ఉండాలని ఆ చోట ఊపిరి కోసేశాను. పాట ఎడిట్ చేసేవాళ్ళు ఊపిరులు తీసెయ్యడం మామూలే. నేను విన్నదాని ప్రకారం అందంగానే ఉంది. ప్లాస్టిక్ పువ్వు గురించి కాఫీ చల్లారేదాకా ఉపన్యాసం ఇచ్చిన దాన్ని నేను. అమ్మ వేలితో గాల్లో చూపించింది, ఇక్కడ, పాదం అయ్యాక, ఇంత సేపు. పాత ఫైలు తెరిచి ఆ ఊపిరి వెతికాను. చాలా పెద్దదది. పడిపోవడానికి ముందు తీసుకున్న, చాలని ఊపిరి. అదే తెచ్చి పెట్టాను, పల్లవిని అర సెకను వెనక్కి జరిపాను.

"అదీ," అంది అమ్మ. హెడ్‌ఫోన్స్ తీసి మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టబోయి, నాది కదా అని ఇచ్చేసింది.

ఫొటోలు కలపడం ఒక పూటలో అయిపోయింది. శబ్దం ఎంత గట్టిగా ఉండాలి, యూట్యూబ్‌కి మైనస్ 14 లఫ్స్ అంటారే, అదంతా చూసుకున్నాను. ఏ ఉపయోగం లేదు, పోయేది గుంటూరు కల్యాణ మండపానికి. అక్కడ మైక్ సెట్ అబ్బాయికి పెన్‌డ్రైవ్ ఇచ్చి, "బాబూ, దీనికేం చెయ్యొద్దు, ఉన్నదున్నట్టు వెయ్యి" అన్నాను. "అట్నే మేడమ్" అన్నాడు.

అప్పగింతలు తెల్లవారుజామున నాలుగున్నరకి. నాలుగొందల మందిలో డెబ్భై మంది మిగిలారు. పళ్ళెంలో పాలు పోసి చెల్లి చేతులు అందులో ముంచారు. తెర మీద చెల్లి చిన్నప్పటి ఫొటో వచ్చింది, స్పీకర్లలోంచి అమ్మ గొంతు వచ్చింది, దాని వెనకాల ఇంకో అమ్మ గొంతు, దాని వెనకాల ఇంకోటి. ఎకో పెట్టాడు. ప్రతి మాటా మూడుసార్లు. వంటింటి గోడల మోత పోగొట్టడానికి నేను పడ్డ అవస్థకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిన్ని అప్పటికే ఏడుస్తోంది కాబట్టి నేను ఏడ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ రెండో వరసలో కూర్చుని ఒళ్ళో చేత్తో తాళం వేస్తోంది. రెండో చరణం అయ్యేసరికి చెయ్యి ఆగింది. ఊపిరి వినబడింది, మూడుసార్లు. పై షడ్జమం వచ్చింది, నిలబడింది, హాలంతా తిరిగి మళ్ళీ మళ్ళీ నిలబడింది. చెయ్యి మళ్ళీ కదిలింది. పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ అమ్మ వైపు వంగి, "ఎవరమ్మా పాడింది, రేడియో ఆవిడా?" అనడిగింది.

"మా ఇంట్లోనే రికార్డు చేశారండీ" అంది అమ్మ, ఇప్పటి గొంతుతో. నేనే అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, నిద్రపోయిందనుకున్న మనిషి, "ఎకో బాగుందే. నువ్వెందుకు పెట్టలేదూ?" అంది. నేనేం మాట్లాడలేదు. నారాకోడూరు దాటాక మళ్ళీ కళ్ళు తెరిచి, "ఆ పాతది తీసెయ్. ఇదొక్కటే ఉంచు. రేపెప్పుడైనా ఎవరైనా వింటే ఇదే వినాలి" అంది.

సరే అన్నాను. రెండు వారాల తర్వాత ఫోన్లో అడిగితే తీసేశానని చెప్పాను. హార్డ్‌డిస్కులో దాని పేరు మాత్రం మార్చాను. 'ఇన్సూరెన్సు కాగితాలు' అని ఒక ఫోల్డరుంది, తమ్ముడు కూడా తెరవడు.